టాఫ్ నది ఒడ్డున కార్డిఫ్ నగరం

హదీసు శాస్త్రం అభ్యసించే విద్యార్థులకు ప్రయాణం అనే మాట కొత్తది కాదు. ఒకే ఒక్క హదీసును, దానిని స్వయంగా విన్నవారి నోట వినడం కోసం హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) నెల రోజుల దూరం ప్రయాణించి సిరియా చేరారని మా తరగతిలో ఏటా చెబుతూనే ఉంటాము. మన పూర్వ విద్వాంసులకు ప్రయాణమంటే కాలక్షేపం కాదు. చెవులతో విన్నదాన్ని కన్నులతో సరిచూసుకునే మార్గం. భూమిపై సంచరించి, మనకు ముందు గతించినవారి పర్యవసానాన్ని గమనించమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల ప్రోత్సహిస్తుంది. ఆ దృష్టితో చూస్తే, ఏ ఊరైనా విద్యార్థికి ఒక పాఠ్యగ్రంథమే.

బ్రిటన్‌లో వైద్యుడిగా పనిచేస్తున్న మా మేనల్లుడి ఆహ్వానంపై క్రిందటి వేసవిలో మేమూ, మా శ్రీమతీ మూడు వారాలు కార్డిఫ్ నగరంలో గడిపాము. ఆంధ్ర, తెలంగాణల నుండి చదువులకూ, ఆసుపత్రి ఉద్యోగాలకూ ఆ దేశం వెళుతున్న బిడ్డలు నేడు చాలా ఇళ్ళలో ఉన్నారు. వారిని చూడబోయే తల్లిదండ్రులు సాధారణంగా లండన్ చూసి తిరిగి వస్తారు. అక్కడి నుండి రైలులో సుమారు రెండు గంటల దూరంలోనే ఉన్న ఈ నగరంలో చూడదగినవి, ఆలోచించదగినవి ఏమున్నాయో పాఠకులకు చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

నగరం, నది, భాష

కార్డిఫ్ వేల్స్ దేశానికి రాజధాని. 1905లో దీనికి నగర హోదా లభించింది. రాజధానిగా ప్రకటించినది 1955లో. అంటే బ్రిటన్ రాజధానులలో ఇదే పిన్న వయస్కురాలు. జనాభా సుమారు మూడు లక్షల అరవై వేలు. మన విజయవాడతో పోల్చినా చిన్న ఊరే. నగర కేంద్రాన్ని కాలినడకన ఒక పూటలో చుట్టి రావచ్చు.

నగరం మధ్యగా ప్రవహించేది టాఫ్ నది. ఉత్తరాన బ్రెకన్ పర్వతాలలో రెండు పాయలుగా పుట్టి, మెర్థిర్ టిడ్విల్ పట్టణం వద్ద ఒకటై, బొగ్గు గనుల లోయ గుండా సాగి, కార్డిఫ్ వద్ద సముద్రాన్ని చేరుతుంది. మొత్తం పొడవు అరవై అయిదు కిలోమీటర్లకు మించదు. కృష్ణా గోదావరులను చూసిన కళ్ళకు అది పెద్ద కాలువలా కనిపించవచ్చు. అయితే ఆ చిన్న నది ఒడ్డునే ఒకప్పుడు ప్రపంచపు ఓడలకు ఇంధనం సమకూరింది.

ఈ నది గురించి మాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటి ఉంది. ఇప్పుడు అది ప్రవహిస్తున్న చోటు దాని సహజమైన మార్గం కాదు. 19వ శతాబ్దం మధ్యలో రైల్వే స్టేషను కట్టడానికి స్థలం చాలక, ప్రసిద్ధ ఇంజనీరు బ్రునెల్ నదిని పడమరకు జరిపించాడు. పూర్వం పడవలు ఆగిన రేవు ఉన్న చోట నేడు వెస్ట్‌గేట్ వీథి ఉంది; దాని పక్కనే సుమారు 74 వేల మంది కూర్చోగల క్రీడా మైదానం ఉంది. పైకప్పు మూసి తెరవగలిగిన ఆ మైదానాన్ని 1999లో ప్రారంభించారు. 2020లో కోవిడ్ విజృంభించినప్పుడు దానినే తాత్కాలిక ఆసుపత్రిగా మార్చారు.

ఊరిలో ఎక్కడ చూసినా బోర్డులపై రెండు భాషలు కనిపిస్తాయి. రెండవది వెల్ష్. 2021 జనగణన ప్రకారం వేల్స్‌లో ఆ భాష మాట్లాడగలవారు నూటికి పద్దెనిమిది మందికి లోపే. అయినా రోడ్డుపై నెమ్మదిగా వెళ్ళమని పెయింటుతో రాసిన మాట మొదలు శాసనసభ చర్చల వరకు అంతటా దానికి సమాన స్థానం ఇచ్చారు. పదహారేళ్ళ వయసు వరకు బడిలో పిల్లలందరూ ఆ భాష నేర్చుకోవలసిందే. మా మేనల్లుడి చిన్న కూతురు ఇంట్లో ఉర్దూ, అమ్మమ్మతో ఫోనులో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వెల్ష్ మాట్లాడుతుంటే విని సంతోషించాము. నాలుగు భాషలూ ఆ పిల్లకు బరువు కాలేదు. పిల్లలకు మాతృభాష భారమవుతుందని వెనుకాడే మన తల్లిదండ్రులు గమనించవలసిన విషయమిది.

కోటలోని బంగారు కప్పు

కార్డిఫ్ వచ్చినవారు ముందుగా చూసేది నగరం నడిబొడ్డున ఉన్న కోట. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ సైన్యం ఇక్కడ తొలి కోటను కట్టింది. వేయి సంవత్సరాల తరువాత నార్మన్లు అదే స్థలంలో మట్టి దిబ్బ పోసి, దానిపై బురుజు నిర్మించారు. పన్నెండు ముఖాలు గల ఆ రాతి బురుజు నేటికీ నిలిచి ఉంది.

ఆ బురుజు ముందు నిలబడినప్పుడు చరిత్ర విద్యార్థికి గుర్తు రావలసిన ఖైదీ ఒకడున్నాడు. ఇంగ్లండును జయించిన విలియం రాజుకు పెద్ద కుమారుడు, నార్మండీ ప్రభువు రాబర్ట్. మొదటి క్రూసేడు యుద్ధానికి నాయకత్వం వహించిన వారిలో ఒకడు. 1099లో జెరూసలేం పట్టణాన్ని ముట్టడించిన సేనలలో ఉన్నవాడు. ఆ ముట్టడి తరువాత బైతుల్ మఖ్‌దిస్ వాసులపై జరిగిన ఊచకోత చరిత్ర ప్రసిద్ధం. స్వదేశానికి తిరిగి వచ్చిన రాబర్ట్‌ను 1106లో సొంత తమ్ముడు, రాజైన హెన్రీ యుద్ధంలో ఓడించి బంధించాడు. తరువాతి ఇరవై ఎనిమిదేళ్ళూ అతడు చెరలోనే ఉన్నాడు. చివరి సంవత్సరాలు గడిపింది, 1134లో మరణించింది ఈ కార్డిఫ్ కోటలోనే. విజేతగా పవిత్ర నగరంలో అడుగుపెట్టిన మనిషి ముసలితనంలో పరాయి కోటలో బందీగా కన్నుమూశాడు. గతించినవారి పర్యవసానాన్ని గమనించమన్న మాటకు ఇంతకంటే సమీపమైన ఉదాహరణ మాకు ఆ ప్రయాణంలో కనబడలేదు.

కోటలోని రెండవ విశేషం దాని పడమటి వైపు భవనం. 19వ శతాబ్దంలో ఈ కోట బ్యూట్ ప్రభువుల చేతిలో ఉండేది. ఓడరేవు ఆదాయం వల్ల మూడవ బ్యూట్ ప్రభువు ఆనాటి ప్రపంచంలోని అత్యంత ధనవంతులలో ఒకడుగా పేరుపొందాడు. అతడు విలియం బర్జెస్ అనే వాస్తుశిల్పిని పిలిపించి, ధనానికి వెనుదీయకుండా గదులను అలంకరింపజేశాడు. వాటిలో ‘అరబ్ గది’ అనేది ఒకటి. 1881లో బర్జెస్ మరణించేనాటికి అతడు చేయిస్తున్న చివరి పని ఇదే. తలెత్తి చూస్తే, మన మస్జిదుల మిహ్రాబులపై కనిపించే ముఖర్నస్ పద్ధతిలో తేనెపట్టు వలె అంచెలంచెలుగా దిగివచ్చే కప్పు, దానిపై బంగారు రేకు కనిపిస్తాయి. పాలరాతి పొయ్యిగట్టులో నీలవర్ణపు రత్నశిలను పొదిగారు. గది చిన్నది. నాలుగు నిమిషాలకు మించి నిలబడనివ్వరు. కాని ఆ కాసేపటిలో మాకొక ఆలోచన వచ్చింది. ఆ బంగారానికి ధనం ఎక్కడి నుండి వచ్చింది?

కోట ప్రాకారం వెంట రాతి జంతువులు తొంగిచూస్తున్నట్లు చెక్కిన గోడ పిల్లలను ఆకర్షిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుదాడులు జరిగినప్పుడు ఈ ప్రాకారాల లోపలి సొరంగాలలో నగరవాసులు తలదాచుకునేవారు. వెనుక ఉన్న విశాలమైన తోట, దాని అంచున పారే టాఫ్ నది కుటుంబాలు సాయంత్రం గడపడానికి ఎంతో అనువైనవి.

బొగ్గు కట్టిన ఊరు

పైన అడిగిన ప్రశ్నకు జవాబు నది దిగువన, సముద్ర తీరంలో ఉంది. 1839లో రెండవ బ్యూట్ ప్రభువు ఇక్కడ పెద్ద డాకును తవ్వించాడు. కొద్ది కాలానికే లోయ నుండి రైలు మార్గం పడింది. ఎగువ లోయలలో దొరికే బొగ్గు పొగ తక్కువగా, వేడి ఎక్కువగా ఇచ్చే మేలురకం. ఆవిరి ఓడలకు అంతకు మించిన ఇంధనం లేదనేవారు. 1913 నాటికి ఒక్క కార్డిఫ్ రేవు నుండే ఏటా కోటి టన్నులకు పైగా బొగ్గు ఎగుమతి అయింది. బొగ్గు ధరలు నిర్ణయించిన ‘కోల్ ఎక్స్‌ఛేంజి’ భవనం 1886 నాటిది, తరువాతి కాలంలో అది హోటలుగా మారింది. రేవు కార్యాలయంగా 1897లో కట్టిన ఎర్రని పియర్‌హెడ్ భవనం నేడు ప్రజల సందర్శనకు తెరిచి ఉంది.

అదే 1913లో, అక్టోబరు 14న, కార్డిఫ్‌కు ఉత్తరాన ఉన్న సెంగెనిద్ గ్రామపు గనిలో పేలుడు సంభవించి 439 మంది కార్మికులు మరణించారు. వారిని రక్షించబోయిన ఒకరు కూడా అమరుడయ్యాడు. బ్రిటన్ గనుల చరిత్రలో ఇంత పెద్ద ప్రమాదం మరొకటి లేదు. విచారణ తరువాత గని మేనేజరుకు 24 పౌండ్లు, కంపెనీకి 10 పౌండ్లు జరిమానా విధించారు. ఎగుమతుల రికార్డూ, మరణాల రికార్డూ ఒకే సంవత్సరంలో నమోదయ్యాయి. అరబ్ గది బంగారు కప్పును మెచ్చుకునేవారు ఈ లెక్కను కూడా తెలుసుకోవాలి.

బ్యూట్‌టౌన్ ముస్లిములు

రేవుకూ, నగరానికీ మధ్య ఉన్న పేట పేరు బ్యూట్‌టౌన్. నావికులు దానిని ‘టైగర్ బే’ అనేవారు. పాఠకులు అక్కడ తప్పక ఒక పూట గడపాలని మా మనవి.

కార్డిఫ్‌లో డాకు తెరిచిన 1839 జనవరిలోనే బ్రిటిష్ వారు యెమెన్ తీరంలోని ఆడెన్ రేవును ఆక్రమించారు. హిందూ దేశానికి వచ్చే ఆవిరి ఓడలు ఆడెన్‌లో ఆగి బొగ్గు నింపుకునేవి. ఆ విధంగా కార్డిఫ్ బొగ్గు ఆడెన్ చేరింది. ఆడెన్ పరిసరాల యెమెనీ యువకులు ఓడలలో కొలిమి పనివారుగా కార్డిఫ్ చేరారు. ఓడ అడుగుభాగంలో, నిప్పుల ఎదుట నిలబడి, గంటల తరబడి పారలతో బొగ్గు వేయడం వారి పని. ఎండ దేశపువారు కనుక వేడిని తట్టుకోగలరని యజమానులు చెప్పుకునేవారు; వారికిచ్చే కూలి మాత్రం తక్కువ. వారి వెంట సోమాలీలు, మన ఉపఖండం నుండి వెళ్ళిన లస్కర్లు కూడా ఈ పేటలో స్థిరపడ్డారు. చాలామంది స్థానిక వెల్ష్ స్త్రీలను వివాహమాడారు.

వారి జీవితం సుఖంగా సాగలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడలపై ప్రాణాలొడ్డి సేవ చేసినవారిపైనే 1919 జూన్‌లో అల్లరిమూకలు దాడి చేశాయి. న్యూపోర్టులో మొదలైన అల్లర్లు కార్డిఫ్‌కు పాకాయి. ఇళ్ళు ధ్వంసమయ్యాయి, కార్డిఫ్‌లో ముగ్గురు మరణించారు. 1925లో వచ్చిన ఒక ఉత్తర్వు, తెల్లజాతికి చెందని నావికులు పోలీసుల వద్ద తమ పేర్లు నమోదు చేయించుకోవాలని శాసించింది.

అటువంటి పరిస్థితులలో 1936లో షేఖ్ అబ్దుల్లాహ్ అలీ అల్ హకీమీ అనే యెమెనీ విద్వాంసుడు ఈ పేటకు వచ్చారు. మదరసా ఉపాధ్యాయులుగా మాకు ఆయన కృషి ప్రత్యేకంగా గౌరవనీయమనిపించింది. ఆయన నావికుల పిల్లలకు ఖుర్ఆన్ పాఠాలు ఏర్పాటు చేశారు. ఇస్లాం స్వీకరించిన వెల్ష్ తల్లులకూ ధర్మబోధ జరిగేలా చూశారు. తండ్రి నెలల తరబడి సముద్రంపై ఉంటే పిల్లల ధార్మిక శిక్షణ తల్లి చేతిలోనే ఉంటుందని గ్రహించిన దూరదృష్టి ఆయనది. అరబీ భాషలో ‘అస్సలామ్’ అనే పత్రికను కూడా ఆయన కార్డిఫ్ నుండి వెలువరించారు. పీల్ వీథిలో నెలకొల్పిన ‘నూరుల్ ఇస్లాం’ మస్జిద్ 1941 బాంబుదాడిలో నేలమట్టమైనా జమాఅత్ చెదరలేదు. అదే స్థలంలో తిరిగి మస్జిద్ లేచింది. పండుగ రోజులలో పిల్లలు కొత్త దుస్తులు ధరించి పెద్దలతో కలిసి వీథులలో ఊరేగింపుగా వెళ్ళిన ఆనాటి ఛాయాచిత్రాలు ఇప్పటికీ చూడవచ్చు.

1960లలో ఆ పాత ఇళ్ళను కూల్చివేసి కొత్త గృహసముదాయాలు కట్టారు. పీల్ వీథి మస్జిద్ కూడా ఆ మార్పులో పోయింది. నేడు ఆలిస్ వీథిలో గుమ్మటంతో ఉన్న మస్జిద్ ఆ సంప్రదాయానికి వారసత్వం. జుమా నాడు అక్కడ మా పక్కన కూర్చున్న సోమాలీ పెద్దాయన, మేము హిందూస్తాన్ నుండి వచ్చామని తెలియగానే చేయి వదలకుండా కుశలం అడిగారు. ఆయనకు మా భాష రాదు, మాకు ఆయన భాష రాదు. ఇద్దరికీ వచ్చిన కొద్దిపాటి అరబీయే ఆ పూట సరిపోయింది.

ఒక వార్త, దాని సనదు

ఒక సాయంత్రం మా మేనల్లుడి ఇంటికి నలుగురైదుగురు తెలుగు విద్యార్థులు వచ్చారు. గుంటూరు జిల్లా నుండి వచ్చిన ఒక యువకుడు ఉత్సాహంగా, “హజ్రత్! బ్రిటన్‌లో మొట్టమొదటి మస్జిద్ కట్టింది ఈ ఊళ్ళోనే. 1860లో, గ్లిన్‌రొంద వీథిలో. మీరు తప్పక చూడాలి” అన్నాడు.

“చాలా సంతోషం బేటా. దీనికి సనదు ఏమిటి?” అని అడిగాము.

అందరూ నవ్వారు. మా మేనల్లుడు మాత్రం నవ్వకుండా, “మామూ, మీరు అడిగింది సరైన ప్రశ్నే. దాని మీద ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధనే జరిగింది” అన్నాడు.

విషయమేమంటే, ఈ మాట చాలా కాలం పుస్తకాలలో, పత్రికలలో, ప్రసంగాలలో ఒకరిని చూసి ఒకరు రాస్తూ వచ్చారు. కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో బ్రిటన్ ముస్లిములపై అధ్యయనం చేసే కేంద్రం ఒకటి 2005 నుండి ఉంది. ఆ కేంద్రానికి చెందిన ఆచార్యురాలు సోఫీ గిలియట్-రే ఈ వార్త మూలాన్ని వెతుకుతూ వెళ్ళారు. చివరకు తేలినది, అధికారిక రికార్డును తిరిగి రాసేటప్పుడు దొర్లిన పొరపాటు వల్ల ఆ సంవత్సరం అలా పడిందని. 2010లో ఆమె తన పరిశోధనను ప్రచురించారు. లభ్యమైన ఆధారాల ప్రకారం బ్రిటన్‌లో తొలి మస్జిద్‌లు 1880ల నాటివి: ఒకటి లివర్‌పూల్‌లో అబ్దుల్లాహ్ క్విలియం స్థాపించిన సంస్థ, రెండవది 1889లో వోకింగ్‌లో కట్టిన షాజహాన్ మస్జిద్. ఈ రెండవదానికి ప్రధానంగా ధనసహాయం చేసినది మన దేశపు భోపాల్ రాణి షాజహాన్ బేగం.

ఆ యువకుని ముఖం కొంత చిన్నబోయింది. అతనితో మేము చెప్పినది ఇక్కడ పాఠకులకూ చెబుతున్నాము. మనకు గౌరవం కలిగించే వార్త అయినంత మాత్రాన దానికి పరీక్ష మినహాయింపు కాదు. మన హదీసు పండితులు, తమకు ప్రియమైన విషయాన్ని చెప్పిన ఉల్లేఖకుని కూడా అంతే నిశితంగా పరిశీలించారు. ఆ శాస్త్రపు ఘనత అదే. ఒక వార్త అందినప్పుడు నిర్ధారించుకోమని ఖుర్ఆన్ ఆదేశించినపుడు, నచ్చని వార్తలను మాత్రమే అని చెప్పలేదు. అయినా బ్యూట్‌టౌన్ నావికుల చరిత్రకు ఆ తప్పు తేదీ ఆసరా అవసరం లేదు. కొలిమి ముందు పనిచేసినవారు, బాంబు పడిన స్థలంలోనే మస్జిద్‌ను తిరిగి కట్టుకున్నవారు నిజంగా ఉన్నారు. వారికి రికార్డులున్నాయి.

సాక్ష్యం విలువ

వార్తను పరీక్షించకపోతే కలిగే హాని ఎంతవరకు వెళుతుందో చెప్పే ఉదంతం కూడా ఈ పేటదే. మహ్మూద్ హుస్సేన్ మత్తాన్ సోమాలీలాండ్ నుండి వచ్చిన నావికుడు. లారా అనే వెల్ష్ యువతిని వివాహమాడాడు. ముగ్గురు మగపిల్లలు. 1952 మార్చి 6న బ్యూట్ వీథిలో దుకాణం నడుపుతున్న లిలీ వోల్‌పర్ట్ అనే మహిళ హత్యకు గురైంది. నేరం మహ్మూద్‌పై మోపారు. ముఖ్య సాక్షి తొలుత మరొక వ్యక్తిని సూచించాడన్న సంగతిని పోలీసులు న్యాయస్థానం ముందు పెట్టలేదు. అతని తరఫున వాదించవలసిన న్యాయవాది తన చివరి ప్రసంగంలో అతణ్ణి అర్ధనాగరికుడన్న అర్థం వచ్చేలా వర్ణించాడు. 1952 సెప్టెంబరు 3న కార్డిఫ్ జైలులో అతణ్ణి ఉరితీశారు. ఆ జైలులో అమలైన చివరి ఉరిశిక్ష అది. భర్తను చూడడానికి వెళ్ళిన లారాకు జైలు తలుపుపై అంటించిన నోటీసు ద్వారా ఆ సంగతి తెలిసింది.

ఆమె, ఆమె పిల్లలు నలభై అయిదేళ్ళు పోరాడారు. 1996లో అతని భౌతిక కాయాన్ని జైలు ఆవరణ నుండి తీసి ముస్లిం ఖబరస్తాన్‌లో ఖననం చేయడానికి అనుమతి లభించింది. 1998 ఫిబ్రవరి 24న అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. దక్షిణ వేల్స్ పోలీసులు క్షమాపణ చెప్పినది 2022లో. అప్పటికి లారా గానీ, ఆ ముగ్గురు కుమారులు గానీ జీవించి లేరు.

మేము పశ్చిమ శ్మశానవాటికలోని ఆ సమాధి వద్దకు వెళ్ళి దుఆ చేశాము. అన్యాయానికి బలైనవాడని రాతిపై చెక్కి ఉంది. మదరసాలో సాక్ష్య నియమాలు బోధించేటప్పుడు, సాక్షికి ఇన్ని షరతులెందుకని పిల్లలు అడుగుతుంటారు. ఇక మీదట వారికి ఈ ఉదంతం చెబుతాము. అలాగే, హత్యకు గురైన లిలీ వోల్‌పర్ట్ కుటుంబానికి కూడా న్యాయం దక్కలేదన్న సంగతి మరువరాదు. నిర్దోషిని శిక్షించిన రోజున అసలు దోషి తప్పించుకున్నాడు.

మరికొన్ని చూడదగిన స్థలాలు

రేవు మూతబడిన తరువాత ఆ ప్రాంతమంతా బురదతో, పాడుబడిన గిడ్డంగులతో నిండిపోయింది. సముద్రపు ఆటుపోట్లు అక్కడ ప్రపంచంలోనే ఎత్తైనవాటిలో చేరుతాయి. పోటు వేళకూ, ఆటు వేళకూ నీటిమట్టంలో పద్నాలుగు మీటర్ల వరకు తేడా ఉంటుంది. 1999లో 1.1 కిలోమీటర్ల పొడవైన అడ్డుకట్ట నిర్మించి, టాఫ్, ఈలీ నదుల నీటితో రెండు వందల హెక్టార్ల మంచినీటి సరస్సును ఏర్పరచారు. చేపలు ఎగువకు ఈదుకుపోవడానికి కట్టలో ప్రత్యేక మార్గం ఉంచారు. బురదనేలలపై ఆధారపడిన వలస పక్షులు చోటు కోల్పోయాయన్న విమర్శ కూడా ఉంది. కట్టపై నడక దారి పిల్లలకు, వృద్ధులకు సులువుగా ఉంటుంది. ఒకవైపు సముద్రం, మరొకవైపు సరస్సు.

సరస్సు ఒడ్డునే వేల్స్ శాసనసభ ‘సెనెద్’ భవనం ఉంది. 2006లో ప్రారంభమైన ఈ భవనం గోడలు చాలావరకు గాజువే. సోదా చేయించుకొని ఎవరైనా లోనికి వెళ్ళి, పై అంతస్తు నుండి గాజు తెరల గుండా సభ జరిగే తీరును చూడవచ్చు. ప్రతినిధులు ప్రజల తలల కింద కూర్చుంటారన్నమాట.

నగర కేంద్రంలో తెల్లరాతి భవనాల వరుసలో జాతీయ మ్యూజియం ఉంది. బొగ్గు వ్యాపారంలో సంపన్నుడైన డేవిడ్ డేవిస్ మనుమరాళ్ళు ఇద్దరు అవివాహితలుగా ఉండి, తాము సేకరించిన ఐరోపా చిత్రకళను ఈ మ్యూజియానికి ఇచ్చివేశారు. నగరానికి పడమటి శివారున సెయింట్ ఫేగన్స్‌లో 1948లో తెరిచిన బహిరంగ మ్యూజియం మా శ్రీమతికి అన్నింటికంటే నచ్చింది. వేల్స్ నలుమూలల నుండి నలభైకి పైగా పాత కట్టడాలను రాయి రాయి విప్పి తెచ్చి, అక్కడ తిరిగి నిలబెట్టారు. ఇనుప కార్మికుల ఇళ్ళ వరుసలో ఒక్కో ఇంటిని ఒక్కో కాలానికి చెందిన సామగ్రితో అమర్చారు: మొదటిది 1805 నాటిది, చివరిది 1985 నాటిది. ఆరు గుమ్మాలు దాటితే నూట ఎనభై ఏళ్ళ వంటగది చరిత్ర కళ్ళముందు నడుస్తుంది. ఈ రెండు మ్యూజియాలకూ ప్రవేశ రుసుము లేదు.

రైల్వే స్టేషను ఎదుట బెట్టీ కాంప్‌బెల్ అనే ఉపాధ్యాయురాలి విగ్రహం ఉంది. బ్యూట్‌టౌన్‌లో పుట్టిన ఆమె, చిన్నతనంలో టీచరు కావాలన్నప్పుడు, నల్లజాతి పేదపిల్లకు అది సాధ్యం కాదని బడిలోనే నిరుత్సాహపరిచారట. ఆమే వేల్స్‌లో మొదటి నల్లజాతి ప్రధానోపాధ్యాయురాలై, తన పేట బడిలోనే పనిచేశారు. పిల్లల ఆశను తుంచే మాట ఉపాధ్యాయుని నోట రాకూడదని ఆ విగ్రహం ముందు మాకు మేము గుర్తుచేసుకున్నాము.

నది ఎగువన అబెర్‌వాన్

టాఫ్ నది వెంట ఉత్తరానికి సుమారు ముప్పై కిలోమీటర్లు వెళితే అబెర్‌వాన్ అనే గ్రామం వస్తుంది. అది వినోదానికి వెళ్ళే చోటు కాదు. 1966 అక్టోబరు 21, శుక్రవారం ఉదయం తొమ్మిదింబావు ప్రాంతంలో, కొండపై నీటి ఊట మీద పోగుచేసిన గని వ్యర్థాల గుట్ట జారి పాంట్‌గ్లాస్ పాఠశాలపై పడింది. 144 మంది మరణించారు; వారిలో 116 మంది పిల్లలు. అయిదుగురు ఉపాధ్యాయులు వారితోపాటే పోయారు. మరునాటి నుండి ఆ పిల్లలకు సెలవులు. గుట్ట ప్రమాదకరమని స్థానికులు అంతకుముందే మొరపెట్టుకున్నారు. ప్రభుత్వ బొగ్గు బోర్డే బాధ్యురాలని విచారణ సంఘం తేల్చింది. మిగిలిన గుట్టలను తొలగించడానికి, ప్రజలు బాధితుల కోసం పంపిన విరాళాల నుండే లక్షా యాభై వేల పౌండ్లు తీసుకున్నారు. ఆ సొమ్ము 1997లో గాని తిరిగి ఇవ్వలేదు.

పాఠశాల ఉన్న చోట ఇప్పుడు చిన్న తోట ఉంది. తరగతి గదులు ఉన్న మేరకు దారులు తీర్చారు. ముప్పై ఏళ్ళుగా తరగతి గదిలో పిల్లల పేర్లు పిలుస్తూ వచ్చిన మాకు అక్కడ ఎక్కువసేపు నిలబడడం కష్టమైంది. మేము వెళ్ళిన రోజున ఒక వృద్ధురాలు గడ్డి మధ్య ఎండుటాకులు ఏరుతోంది. మా వేషధారణ చూసి, “ఎంత దూరం నుండి వచ్చారు?” అని అడిగింది. చెప్పగానే, “పిల్లల కోసం అంత దూరం నుండి వచ్చారా” అని మా శ్రీమతి చేయి పట్టుకున్నది. అంతకుమించి మాటలు జరగలేదు.

కుటుంబాలకు కొన్ని సూచనలు

జూన్, జూలై మాసాలలో అక్కడ పగలు చాలా దీర్ఘం. మగ్‌రిబ్ రాత్రి తొమ్మిదిన్నరకు, ఇషా మరింత పొద్దుపోయాక. ఫజ్ర్‌కు వ్యవధి స్వల్పం. కనుక స్థానిక మస్జిద్ వేళల పట్టికను ముందుగానే తీసుకోవాలి. మనకు ఖిబ్లా పడమర, అక్కడ ఆగ్నేయం. వయసు మళ్ళినవారు అలవాటుగా పడమటికి తిరిగే ప్రమాదం ఉంది. నగర జనాభాలో ముస్లిములు నూటికి తొమ్మిది మందికి పైగా ఉన్నందున హలాల్ భోజనానికి ఇబ్బంది లేదు. సిటీ రోడ్డు వెంట అరబ్బు, తుర్కీ, హిందూస్తానీ భోజనశాలలు అనేకం. వాన ఏ నెలలోనైనా రావచ్చు. గొడుగు కంటే టోపీ గల వానకోటు మేలు. కోటకు టిక్కెట్టు కొనాలి. వేసవిలో ఉదయమే వెళితే రద్దీ తక్కువ.

చివరిగా ఒక మనవి. బ్యూట్‌టౌన్‌లో పాత ఇళ్ళు కూల్చిన తరువాత, ఆ పేట పెద్దల జ్ఞాపకాలను, ఛాయాచిత్రాలను స్థానికులే సేకరించి భద్రపరచకపోతే ఈ వ్యాసంలోని సగం విషయాలు మాకు తెలిసేవి కావు. మన ఊళ్ళలోనూ పాత మస్జిదులు, మదరసాలు, ఖబరస్తాన్లు ఉన్నాయి. వాటిని ఎవరు కట్టారు, భూమి ఎవరు వక్ఫ్ చేశారు, మొదటి ఇమాము ఎవరు అన్న సంగతులు ఇంట్లోని వృద్ధులకు మాత్రమే తెలుసు. ఈ సెలవులలో పిల్లలను నోటు పుస్తకంతో వారి వద్ద కూర్చోబెట్టండి. చెప్పినవారి పేరు, విన్న తేదీ, వారికి ఆ సంగతి ఎవరు చెప్పారన్నది కూడా రాయించండి. అల్లాహ్ మనకు సత్యాన్ని సత్యంగా గ్రహించే భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.